తడిపిన తెర వెనక కామేశ్వరమ్మగారు

మొన్న ముసురు పట్టినప్పుడు మా వరండాలో ఆరేసిన దుప్పటి ఎంతకీ ఆరలేదు. గంజి పెట్టిన ముతక నూలు గుడ్డ తడిసి అలాగే వేలాడుతుంటే దానికొక వాసన వస్తుంది. పుల్లగా, చల్లగా, బియ్యం కడిగిన నీళ్లలాగా. సాయంత్రం వీధి దీపం వెలిగాక ఆ గుడ్డ మీద ఒక నీడ కదిలింది. అవతలి వైపు మా కోడలు చీపురు పుచ్చుకుని వాన నీళ్లు తోస్తోంది, అంతే. నేను మాత్రం చదువుతున్న పుస్తకం మూసి లేచి నిలబడ్డాను. ఆ నీడ చీపురు ఏ చేత్తో పట్టుకుందో పరకాయించి చూశాను. నీడ కుడిచేత్తో ఊడుస్తున్నట్టుంటే ఊడ్చేది ఎడమచెయ్యి కావచ్చునని నాకు నేర్పింది కామేశ్వరమ్మగారు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇది చదివేవాళ్లలో ఆవిణ్ణి చూసినవాళ్లు ఎవరూ ఉండకపోవచ్చు.

పందొమ్మిది వందల యాభైలలో ఏలూరు నుంచి చుట్టుపక్కల ఊళ్లకి సినిమా వ్యాను వెళ్లేది. ఆటపాటల సినిమాలు కావు. డాక్యుమెంటరీలు. హిమాలయాలు, అడవి జంతువులు, పాత కోటలు, ఎక్కడెక్కడి పండగలు, దేశదేశాల వార్తలు. టిక్కెట్టు లేదు. ఊరి బయట రెండు గెడలు పాతి, మధ్యన తెల్లగుడ్డ కట్టి, చీకటి పడగానే ఆట మొదలుపెట్టేవారు. మిషను తిప్పేది మస్తానుగారు. సినిమాలో ఇంగ్లీషు గొంతు ఒకటి గడగడా చెప్పుకుపోతుంటే మైకు పుచ్చుకుని వ్యాను ఆఫీసరుగారు మధ్యమధ్య తెలుగులో చెప్పేవారు. మగవాళ్లు తెరకి ముందు వైపు కూర్చునేవారు, ఆడవాళ్లు వెనక వైపు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో తెలియదు గాని ఏ ఊరు వెళ్లినా మేం చెప్పకుండానే జనం అలాగే విడిపోయి కూర్చునేవారు. గుడ్డ పొడిగా ఉంటే వెనక వైపుకి బొమ్మ మసకగా వస్తుంది. తడిపితే వెలుగు ఇవతలికి దిగుతుంది. అందుకని ఆటకి ముందు కామేశ్వరమ్మగారు బిందెలతో నీళ్లు తెప్పించి తెరని పైనుంచి కింద దాకా తడిపించేవారు. "బొమ్మ మనక్కూడా కావాలి కదమ్మా," అనేవారు.

అయితే తెర వెనక కూర్చున్నవాళ్లకి బొమ్మ తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అక్షరాలు అద్దంలో చూసినట్టుంటాయి. మనదేశం పటం వేస్తే బొంబాయి తూర్పు తీరానికి వచ్చేది, మన గోదావరి వెళ్లి పడమటి సముద్రంలో కలిసేది. ఆ తిరగబడ్డ లోకాన్ని ఆడవాళ్లకి సరిచేసి చెప్పడం కామేశ్వరమ్మగారి ఉద్యోగం. నేను ఆవిడకి సాయం.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఆ పైన నన్ను చదివించింది ఏలూరులోని గ్రంథాలయం. ఒక బీరువా అయ్యాక ఇంకో బీరువా. భూగోళం, చరిత్ర, పక్షులు, నక్షత్రాలు. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కూడా కూడబలుక్కున్నాను. కాలేజీ గుమ్మం తొక్కినవాళ్ల ముందు ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. ఒకరోజు గ్రంథాలయంలో సన్నగా, పొడుగ్గా ఉన్న ఒకావిడ వచ్చి, పెలికాన్ అనే పిట్టని తెలుగులో ఏమంటారని అడుగుతున్నారు. నన్నెవరూ అడగలేదు. అయినా, "గూడబాతు అంటారండి. దాని ముక్కు కింద సంచి ఉంటుంది. చేపల్ని అందులో పడుతుంది," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగి, "నువ్వు చూశావా అమ్మాయ్?" అన్నారు.

"లేదండి. చదివాను."

"మరైతే రా, చూద్దువుగాని," అన్నారు. నేను ఉద్యోగంలో చేరడం అలా జరిగింది.

కామేశ్వరమ్మగారికి పెద్ద కుంకుమబొట్టు, రెండు చేతులకీ నిండుగా గాజులు. వాళ్లాయన రంగూనులో బియ్యం మిల్లులో లెక్కలు రాసేవారట. యుద్ధంలో బాంబులు పడ్డాక ఆ ఊరి నుంచి నడిచి వచ్చినవాళ్లున్నారు, ఓడెక్కి వచ్చినవాళ్లున్నారు, ఆయన మాత్రం రాలేదు. పోయారని చెప్పినవాళ్లూ లేరు. ఈ సంగతి ఆవిడ మొదటిరోజే, తమ ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పినంత మామూలుగా చెప్పారు. "ఏదీ తెలియనప్పుడు తెలియదని చెప్పడమే మర్యాద కదూ," అన్నారు.

ఆ మాటకి అర్థం నాకు తాడేపల్లిగూడెంలో తెలిసింది. యుద్ధం రోజుల్లో విమానాలు దిగిన మైదానంలో తెర కట్టాం. యూరపులో ఏదో నగరం. ఒక వీధినిండా జనం నడిచిపోతున్నారు. టోపీ పెట్టుకున్న ఒక మనిషి నడుస్తూ నడుస్తూ ఆగి, మా వైపే చూసి, మళ్లీ నడిచాడు. నా పక్కనున్న ఒక ముసలావిడ, "ఈ జనమంతా ఇప్పుడెక్కడున్నారమ్మా?" అని అడిగింది. నాకు ఉత్సాహం వచ్చింది. ఆ యుద్ధం గురించి లావుపాటి పుస్తకం అప్పుడే పూర్తిచేశాను. "ఏ ఊరి మీద ఎన్ని బాంబులు పడ్డాయంటే బామ్మగారూ" అని మొదలుపెట్టేలోపల కామేశ్వరమ్మగారు నా మణికట్టు నొక్కారు. "తెలియదండి బామ్మగారూ. ఈ బొమ్మ తీసిన రోజున మాత్రం ఆ వీధిలో నడుస్తున్నారు. మేం చెప్పగలిగింది అంతే," అన్నారు. ఆట అయిపోయాక అందరూ వెళ్లిపోయినా ఆ ముసలావిడ వెళ్లలేదు. దీపం ఆరిన తెర దగ్గరికి వచ్చి, తడి అంచు రెండు వేళ్లతో పైకెత్తి, అవతల ఎవరైనా ఉన్నారేమో అని వంగి చూసింది. ఎవరూ లేరు. మైదానం చీకట్లోకి పోయి ఉంది. అయినా ఆవిడ చాలాసేపు అలాగే చూసింది. వ్యానులో తిరిగి వస్తుంటే కామేశ్వరమ్మగారు, "యుద్ధం గురించి నీకు తెలుసు, సరే. ఆ టోపీ ఆయన గురించి తెలుసా?" అన్నారు.

"తెలియదండి."

"మరి ఆవిడ అడిగింది ఆయన గురించే కదా అమ్మాయ్."

ఇక కొల్లేరు సంగతి. ఎక్కడివాళ్లో కెమెరా పట్టుకుని వచ్చి ఒక చలికాలమంతా ఆ సరస్సులో పిట్టల కోసం తిరిగి సినిమా తీసుకెళ్లారు. మరుసటి ఏడాది ఎండాకాలానికి ఆ డబ్బా మా వ్యానుకి చేరింది. పెదపాడులో వేశాం, ఇంకా చాలా ఊళ్లలో వేశాం. అందులో పిట్టల మధ్య తాటిమొద్దు తొలిచి చేసిన దోనె నడిపే ఒక మనిషి కనిపిస్తాడు. ఆయన్ని చూపించి, "ఈయన కొల్లేటి జాలరి" అని నేను చెప్పేదాన్ని. ఆ మాట మీద నాకెప్పుడూ అనుమానం రాలేదు. ఒక జాలరి కావాలి, ఒక జాలరి ఉన్నాడు.

మండవల్లి దాకా వ్యాను వెళ్లింది. అక్కడి నుంచి మిషనూ, పెట్టెలూ పడవల మీదికి ఎక్కించి సరస్సు లోపల ఒక లంక ఊరికి చేర్చారు. ఒడ్డున దిగి కాళ్లు కడుక్కుంటుంటే ఒక ముసలావిడ వచ్చి కామేశ్వరమ్మగారి పక్కన కూలబడింది. "ఏవండీ, మా కోడలికి మీరైనా చెప్పండి. చదువుకున్నోరు," అంది. కొంచెం దూరంగా నా వయసు అమ్మాయి వల బాగుచేస్తోంది. చేతినిండా గాజులు. పేరు నూకరత్నం.

ముసలావిడ చెప్పింది ఇది. ఆవిడ చిన్నకొడుకు సింహాద్రి వానాకాలం వరదలో, చేపలకి వేసిన బుట్టలు తీసుకొస్తానని దోనె వేసుకుని వెళ్లాడు. మర్నాడు, సరస్సు నీళ్లు సముద్రానికి పోయే ఉప్పుటేరు మొగ దగ్గర దోనె బోర్లాపడి దొరికింది. మనిషి దొరకలేదు. ఆ చుట్టుపక్కలంతా వెతికారు. ఇన్ని నెలలు ఆగారు. ఇక ఆగడం మంచిది కాదని పెద్దలు తేల్చారు. రాబోయే అమావాస్యకి దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి నిప్పుపెట్టి, కర్మ చేసేస్తారు. ఆ రోజు నూకరత్నం గాజులు తియ్యాలి. "తియ్యనంటుందండి. దర్భగడ్డికి నేనెందుకు ముండమొయ్యాలి అంటుంది. అక్కడ నా కొడుకు దారి లేక తిరుగుతున్నాడు."

"చూసినోళ్లెవరు?" అంది నూకరత్నం, వల మీంచి తల ఎత్తకుండా. ఆ అమ్మాయి చెప్పే సమాధానమంతా అదే.

"మీ అబ్బాయి ఎలా ఉంటాడండి?" అని అడిగారు కామేశ్వరమ్మగారు.

"ఎడంచేతి వాటం. ఎడం చెంప మీద జెల్లచేప ముల్లు గీరిన మచ్చ. పిట్టల సినిమావోళ్లని దోనెలో తిప్పింది కూడా వాడేనండి."

నేనూ ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా పెట్టెలో, రేకు డబ్బాలో, చుట్టచుట్టుకుని ఉన్న మనిషి ఆయనే. సినిమావాళ్లు పిట్టల్ని తీశారనే ఆ ఊళ్లో అందరూ అనుకున్నారు గాని మనిషిని కూడా తీశారని ఎవరికీ తెలియదు.

కామేశ్వరమ్మగారు నూకరత్నం దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. "అమ్మా, ఇవాళ వేసే బొమ్మలో ఒకాయన ఉన్నారు. మీ ఆయనే అనుకుంటున్నాను. వరదకి ముందు తీసిన బొమ్మ అది. ఆయన ఉన్నారనీ చెప్పదు, లేరనీ చెప్పదు. చూడలేనంటే ఆ డబ్బా తెరవొద్దని నేను చెబుతాను," అన్నారు.

వల పక్కన పెట్టింది నూకరత్నం. "చూపించండి," అంది.

"అయితే ముందు వైపు కూర్చో. అటైతే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది."

"అమ్మో, మా బావగారు అప్పన్నగారు అక్కడే కూర్చుంటారండి. ఆయన ఎదురుగా నేనెలా కూర్చుంటాను?"

మొగుడి అన్నగారి కంటికి ఎదురుపడకూడదు. అది ఆ ఇంటి పద్ధతి. కామేశ్వరమ్మగారు ఇంక బలవంతపెట్టలేదు.

ఆ లంకలో తెరకి రెండు వైపులా కూర్చునేంత నేల లేదు. అందుకని గెడలు సరిగ్గా నీటి అంచున పాతారు. మగవాళ్లు ఒడ్డు మీద కూర్చున్నారు. ఆడవాళ్లకి తెర వెనక నీళ్లలో దోనెలన్నీ పక్కపక్కన కట్టేశారు. మేమంతా దోనెల్లో కూర్చున్నాం. గాలి లేదు. తడిపిన గుడ్డ నుంచి నీటిబొట్లు సరస్సులోకి పడుతున్నాయి. "మనకి ఇటు కుడి ఎడమ మారి కనిపిస్తాయండోయ్, గుర్తుపెట్టుకోండి," అని కామేశ్వరమ్మగారు ప్రతి ఊళ్లో చెప్పే మాట ఇక్కడా చెప్పారు. అందరూ "ఆయ్, అలాగేనండి" అన్నారు.

మిషను వెలగగానే బొమ్మ తెర మీద ఒకటి, దాని కింద నీళ్లలో తలకిందులుగా ఇంకొకటి లేచాయి. గూడబాతులు వచ్చాయి. "మన పిట్టలేనే! ఎంత లావు చేశారో చూడు," అని ఎవరో అంటే దోనెలన్నీ నవ్వాయి. ఇంగ్లీషు గొంతు ఏదో చెబుతోంది. సన్నాయిలాంటిదేదో వాయిస్తున్నారు. కిక్కిస గడ్డి దుబ్బులు పక్కకి జరిగాయి. దోనె మీద నిలబడి, గెడ వేస్తూ, సింహాద్రి వచ్చాడు.

ఒడ్డు మీద మగవాళ్లు "సింహాద్రే, సింహాద్రే" అని గొణగడం వినిపించింది. మా వైపు తెర మీంచి బొట్లు పడే చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్లలో ఉన్న రెండో సింహాద్రి తలకిందులుగా, ఆడవాళ్లు కూర్చున్న దోనెల కిందికి గెడ వేసుకుంటూ వస్తున్నాడు. నా పక్కనున్నావిడ కాళ్లు పైకి ముడుచుకుంది.

"మావ కాదు," అంది నూకరత్నం. "మావ కుడిచేత్తో గెడ వెయ్యడు. మచ్చ కూడా ఇటు కాదు. ఎవరండి ఈయన?"

"వాడేనే," అంది ముసలావిడ వెనక దోనెలోంచి. ఏడవడం లేదు. చాలా నెమ్మదిగా అంది. "నా కొడుకుని నేనెరగనా? పోయినోళ్లు అలాగే వస్తారు. కుడి ఎడమవుద్ది, ముందు ఎనకవుద్ది. పోయాడు కాబట్టే చేతులు మారిపోయాయి."

ఆ మాట దోనె నుంచి దోనెకి పాకింది. చేతులు మారాయి. చేతులు మారాయి. కాసేపటి క్రితం అలాగేనండి అన్నవాళ్లలో ఒక్కరికి కూడా కామేశ్వరమ్మగారు చెప్పింది గుర్తులేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకూ గుర్తులేదు. గుర్తొచ్చాక, వెలుతురు గుడ్డలోంచి ఎలా వస్తుందో పుస్తకంలో చదివింది చెప్పడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే సన్నగా, దూరంగా వినిపించింది. నూకరత్నం రెండు చేతులూ దగ్గరికి తెచ్చుకుంది. గాజుల్ని గాజులకేసి కొట్టబోతోందని నాకు అర్థమయ్యేసరికి కామేశ్వరమ్మగారు ఆ చేతుల మధ్యకి తన చెయ్యి పెట్టేశారు. దెబ్బ ఆవిడ వేళ్ల మీద పడింది.

"ఇటు నుంచి చూసింది చాలదమ్మా. లే," అన్నారు.

అత్తాకోడళ్లిద్దర్నీ దోనెల మీంచి నడిపించుకుంటూ, మోకాళ్ల లోతు నీళ్లలో దిగి, తెర పక్కనుంచి ఒడ్డెక్కారు. వాళ్ల వెనకే నేనూ ఎక్కాను. మగవాళ్లు లేచి నిలబడ్డారు. "ఆడవాళ్లు ఇటు రావడమేంటండి?" అన్నారెవరో. అప్పన్న మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"అప్పన్నగారూ, మీ తమ్ముడు ఇందాక గెడ ఏ చేత్తో వేశారండి?" అని అడిగారు కామేశ్వరమ్మగారు.

"ఎడంచేత్తోనండి. వాడిది ఎప్పుడూ అదే కదండి."

"తెర వెనకవాళ్లకి కుడిచెయ్యి కనిపించింది. మొగుడు పోయాడో లేదో చేతిని బట్టి తేల్చేస్తున్నారు అక్కడ. ఆ చెయ్యి ఏదో ఈ అమ్మాయి ఒక్కసారి ఇటు నుంచి చూడాలి. మీరు కళ్లు మూసుకుంటారో తెరుచుకుంటారో మీ ఇష్టం."

అప్పన్న కాస్త జరిగి చోటిచ్చాడు. మస్తానుగారు రీలు వెనక్కి తిప్పారు. మళ్లీ దుబ్బులు జరిగాయి, దోనె వచ్చింది. ఎడమచెయ్యి. ఎడమచెంప మీద మచ్చ. నూకరత్నం గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలింది. "మావే," అంది. బొమ్మ దగ్గరికొచ్చింది. తెరంతా ఆయన మొహమే. సింహాద్రి తల తిప్పి తిన్నగా ఒడ్డు వైపు చూసి ఏదో మాట్లాడాడు. ఆ మాటల మీంచి ఇంగ్లీషు గొంతు దర్జాగా నడిచిపోయింది. ఇన్ని ఊళ్లలో ఆ బొమ్మ వేశాం. ఆయన నోరు కదులుతోందని నేనెప్పుడూ గమనించలేదు.

"ఏదో చెప్తున్నాడండి," అంది నూకరత్నం. "ఆ మోత ఆపించండి."

"మోత ఆపినా ఆయన గొంతు ఇందులో లేదమ్మా," అన్నారు మస్తానుగారు, జాలిగా.

"గొంతెందుకండి? గాలికాలంలో దోనెకీ దోనెకీ మాట వినపడదు. మేమంతా నోరు చూసే మాట్లాడుకుంటాం."

ఆఫీసరుగారికి ఇది నచ్చలేదు. "మాటల్లేకుండా సినిమా ఎలాగండి? అదంతా పెద్దవాళ్లు రాసిచ్చిన వ్యాఖ్యానం," అన్నారు.

"ఇంతకాలం ఆయన గురించి మనం చెప్పాం కదండి," అన్నారు కామేశ్వరమ్మగారు. "ఒక్కసారి ఆయన్ని చెప్పుకోనివ్వండి."

ఆఫీసరుగారు తన మైకు తానే కట్టేశారు. మస్తానుగారు రీలు మళ్లీ వెనక్కి తిప్పి, ఇంగ్లీషు గొంతు తగ్గించేశారు. మిషను తిరిగే చిటచిట మాత్రం మిగిలింది. ఆ నిశ్శబ్దంలో సింహాద్రి మళ్లీ తల తిప్పాడు. నూకరత్నం పెదవులు ఆయన పెదవులతో పాటు కదిలాయి. తర్వాత మాట బయటికొచ్చింది. ఆ అమ్మాయి మామూలు గొంతు కాదు. కాస్త తొందరగా, కాస్త చిలిపిగా, ఒక మగవాడు కొత్తవాళ్లతో మాట్లాడే తీరులో.

"అదిగోనండి, ఆ దుబ్బుల అవతల..."

బొమ్మ అయిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పమన్నారు. "ఇంకా తిప్పితే ఫిలిం తెగుతుందండి," అంటూనే తిప్పారు మస్తానుగారు. ఈసారి చుట్టూ చూశాను. అప్పన్న పెదవులు కదులుతున్నాయి. అతని పక్కవాడివీ కదులుతున్నాయి. ఒడ్డు మీద మగవాళ్లందరూ, చప్పుడు లేకుండా, తెర మీది మనిషితో పాటు నోళ్లు కదుపుతున్నారు. అవతల దోనెల్లో ఆడవాళ్లు కూడా కదుపుతున్నారని తర్వాత తెలిసింది. ఆ ఊళ్లో ఆ మాట తెలియనివాళ్లం మా వ్యానువాళ్లమే. గొంతు మాత్రం నూకరత్నానిది.

"అదిగోనండి, ఆ దుబ్బుల అవతల. అక్కచెల్లెళ్ల మడుగంటారు. భయపడి ఎవరూ రారు. నా బుట్టలన్నీ అక్కడే వేస్తానండి. మా అన్నకి తెలీదు. మా ఇంటిదానికి అసలే తెలీదు. చెప్పకండేం."

చివరి మాటకి ఎవరో నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది. "దొంగ," అంది తెర వైపు చూసి. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎందుకంటే అప్పన్న అప్పటికే లేచి నిలబడ్డాడు. ఎప్పుడో ఇద్దరు అక్కచెల్లెళ్లు మునిగిపోయారని ఆ మడుగు పేరు దీపాలు పెట్టాక ఆ ఊళ్లో పలకను కూడా పలకరు. దోనె ఉప్పుటేరు మొగ దగ్గర దొరికింది కాబట్టి అందరూ అటే వెతికారు. ఈ మడుగు వైపు ఒక్క దోనె కూడా వెళ్లలేదు. మస్తానుగారు దీపం ఆర్పేశారు. తెర మళ్లీ ఉత్త తెల్లగుడ్డ అయిపోయింది. ఎవరూ ఇళ్లకి కదల్లేదు. ఆ మసకలో కొందరి పెదవులు ఇంకా ఆడుతూనే ఉన్నాయి.

తెల్లవారగానే అప్పన్న నలుగురిని తీసుకుని వెళ్లాడు. ఎండాకాలం కాబట్టి నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి. ఆడవాళ్లతో పాటు మేమూ ఒడ్డున కూర్చున్నాం. పొద్దెక్కాక దోనె తిరిగొచ్చింది. అందులో పంచె కప్పి ఉంది. ఎముకలు తప్ప పెద్దగా ఏమీ లేవట. గెడ బురదలో నిలబడే ఉందట, పక్కనే బుట్టలు. దోనె ఒక్కటే వరదకి ఉప్పుటేరు వైపు కొట్టుకుపోయిందన్నమాట. అప్పన్న దోనె దిగి, మరదలి ఎదురుగా వచ్చి, మొదటిసారి ఆమె మొహంలోకి చూసి, తమ్ముడి మొలతాడుకి ఉండే వెండి తాయెత్తు ఆమె చేతిలో పెట్టాడు. నూకరత్నం దాన్ని కొంగుతో తుడిచింది. గాజులు తనే తీసింది. పగలగొట్టలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, ఒక్కొక్కటే తీసి అత్తగారి ఒళ్లో పెట్టింది. దర్భల బొమ్మ అక్కర్లేకపోయింది.

తిరుగు పడవలో కామేశ్వరమ్మగారు, "ఇప్పుడు చెప్పు, తెర వెనక బొమ్మ ఎందుకు తిరగబడుతుంది?" అన్నారు. చదివిందంతా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "అంటే ముసలావిడ చెప్పిన కారణం తప్పు."

"తప్పేనండి."

"కొడుకు సంగతి మాత్రం సరిగ్గా చెప్పింది."

కామేశ్వరమ్మగారు ముందురోజు దెబ్బ తగిలిన వేళ్లు నీళ్లలో పెట్టి కూర్చున్నారు.

అసలు మాట ఇంకొకటి ఉంది. మేం పడవ ఎక్కబోతుంటే నూకరత్నం వచ్చింది. బోసి చేతులు కొంగు కింద దాచుకుంది. "ఆ బొమ్మ ఇంకా ఊళ్లలో వేస్తారాండి?" అంది.

"వేస్తారమ్మా," అన్నారు కామేశ్వరమ్మగారు.

"వెయ్యండి. మావ బాగున్నాడందులో. కానీ ఆ మోత మాత్రం ఉంచండి. ఎవరికీ చెప్పకండేం అన్నాడు కదండి. మాకైతే అవసరం పడింది. మిగతావాళ్లకెందుకు?"

ఆ తర్వాత ఆ సినిమా ఎన్నో ఊళ్లలో వేశాం. సింహాద్రి తల తిప్పే చోట కామేశ్వరమ్మగారు తెర వెనక నుంచే మస్తానుగారికి చెయ్యి ఊపేవారు. ఆయన ఇంగ్లీషు గొంతు పెంచేవారు. ఆడవాళ్లెవరైనా "ఏంటండి చెప్తున్నాడు?" అని అడిగితే ఆవిడ తెలియదని మాత్రం అనేవారు కాదు. "అది వాళ్లింటి మాటండి," అనేవారు. నేను కొల్లేటి జాలరి అనడం మానేసి, ఈయన పేరు సింహాద్రి అని చెప్పడం మొదలుపెట్టాను.

ఇప్పుడు టీవీలో రాత్రింబవళ్లు డాక్యుమెంటరీలే. ఎడారులు, యుద్ధాలు, తిరునాళ్లు. మా ఇంట్లోవాళ్లు వ్యాఖ్యానం వింటారు. నేను మొహాలు చూస్తాను. ఎక్కడో ఒక ఆడమనిషి కెమెరా వైపు తిరిగి ఏదో అంటుంది, ఆమె మీంచి ఎవరిదో గొంతు వెళ్లిపోతుంది. భాష రాకపోయినా ఒక్కోసారి, మొగుడితో అందనో, పిల్లాడిని పిలిచిందనో తెలిసిపోతుంది. అప్పుడు నా పెదవులు వాటంతట అవే కదులుతాయి. "ఏంటి బామ్మా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావ్?" అంటుంది మా మనవరాలు. ఏమీ లేదంటాను. ఆ మాట నా దాకా వచ్చింది, నా దగ్గరే ఉంటుంది.